మైనం బాబాయి పెట్టిన చుక్క

ఆసుపత్రి వెనక మెట్లు దిగితే వచ్చే పొడవాటి గదిలో మైనం బాబాయి ముప్పై ఒక్క ఏళ్లుగా మనుషుల్ని ముక్కలుగానే చూస్తున్నాడు. పూర్తి మనిషి ఆ గదికి రాడు. కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో గోరంత ముక్క వస్తుంది, సీసా మీద ఒక నంబరు ఉంటుంది, అంతే. బాబాయి ఆ ముక్కను కరిగిన మైనంలో ఉంచి, చల్లార్చి, దిమ్మ చేస్తాడు. దిమ్మను కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పుతూ వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పొర తీస్తాడు. ఆ పొర గోరువెచ్చని నీళ్ల మీద ముడత లేకుండా పరుచుకోవాలి. దాన్ని గాజు స్లైడు మీదకు ఎత్తుకుని రంగు వేస్తే, పై అంతస్తులో కూర్చున్న డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి అది మామూలు గడ్డో మాయదారి గడ్డో తేలుస్తుంది.

బాబాయి ఈ పనికి ఏ కోర్సూ చదవలేదు. సీసాలు కడగడానికి చేరాడు. అప్పటి కోత మనిషి సెలవు పెట్టిన రోజున చక్రం పట్టుకున్నాడు. ఆ మనిషి సెలవు నుంచి తిరిగొచ్చి, నీళ్ల మీద తేలుతున్న పొరను చూసి, తన కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చున్నాడు. అప్పటి నుంచి ఆసుపత్రిలో అందరికీ ఆయన మైనం బాబాయే. ఆయన అసలు పేరు జీతం కాగితానికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

పని విషయంలో బాబాయిది రాతి గుండె. ముడత పడిన పొరను, చీలిన పొరను, నురగ బుడగ చిక్కిన పొరను నిర్దాక్షిణ్యంగా చెత్తబుట్టలో వేసేవాడు. "ముడత అబద్ధం ఆడుతుంది" అనేవాడు. తనకు నచ్చిన స్లైడు అంచున మాత్రం పెన్సిలుతో ఆవగింజంత చుక్క పెట్టేవాడు. ఆ చుక్క కోసం ఎవరూ నియమం రాయలేదు. కానీ చుక్క ఉన్న స్లైడు మీద డాక్టరమ్మ ఎప్పుడూ అనుమానం పడలేదు. ఒకసారి పెద్ద పరీక్షకులు వచ్చి, నాణ్యతకు మీరు పాటించే పద్ధతి ఏమిటని అడిగితే ఆవిడ నవ్వుతూ ఆ చుక్కనే చూపించింది. బాబాయి ఆ వారమంతా కొంచెం ఎత్తు పెరిగినట్టు నడిచాడు.

ఇక టీ వేళ వచ్చిందంటే బాబాయి కథ చెప్పాల్సిందే. ఆ కథ ఆయన డాక్టరమ్మ దగ్గర విన్నదే. అయితే ఇన్నేళ్లలో అది ఆయన సొంతమైపోయింది.

"ఒంట్లో కాపలా కణాలుంటాయి. సందు సందూ తిరుగుతాయి. కనబడ్డ ప్రతి కణాన్నీ ఆపి, ఎవడివిరా నువ్వు, చూపించు అంటాయి. మరి ఫ్లూ పురుగేం చేస్తుంది? చొక్కా మార్చుకొస్తుంది. పోయినేడాది చొక్కాను గుర్తుపెట్టుకున్న కాపలావాడు ఈ ఏడాది వెర్రిమొహం వేసుకుని చూస్తాడు. క్షయ పురుగు ఇంకా ఘనుడు. కాపలావాడు దాన్ని మింగేస్తే, వాడి కడుపులోనే కాపురం పెట్టేస్తుంది."

"మరి కేన్సరు, బాబాయి గారూ?" ఇది గడియారం అడిగే ప్రశ్న. గడియారం అంటే రెండేళ్ల కిందట చేరిన టెక్నీషియన్. కోర్సు చదివి వచ్చింది. ప్రతి పనినీ మెడలో వేలాడే గడియారం చూసి చేస్తుంది కాబట్టి బాబాయి ఆ పేరు పెట్టాడు.

"కేన్సరు వీళ్లందరికీ గురువు, అమ్మాయ్. అది బయటి నుంచి వచ్చింది కాదు, మనింట్లో పుట్టిందే. కాపలావాడు దగ్గరికి రాగానే భుజం మీద చెయ్యేసి, అన్నయ్యా, మనం మనం ఒకటే, నువ్వెళ్లి పడుకో అంటుంది. వాడు వెళ్లి పడుకుంటాడు. మన గోధుమరంగు పరీక్షలో కనబడేది ఆ చెయ్యే. కొత్త మందు చేసేదల్లా, ఆ చేతిని పట్టుకుని పక్కకు తియ్యడం. తీస్తే చాలు, కాపలావాడు లేస్తాడు."

"అంత తెలివి దానికెలా వచ్చింది?"

"తెలివా, పాడా! కొట్టొచ్చినట్టు కనబడేవాటిని కాపలావాళ్లు మొదట్లోనే తినేస్తారు. కొంచెం తక్కువ కనబడేవి మిగులుతాయి. వాటి పిల్లల్లో ఇంకొంచెం తక్కువ కనబడేవి మిగులుతాయి. రోజుకు ఇంత మారితే ఎవడు కనిపెడతాడు?" అంటూ చిటికెనవేలి గోరు చూపించేవాడు. "నిన్నటిని చూసి ఇవాళ్టిని చూస్తే తేడా ఉండదు. అదే కిటుకు."

అందరూ తలలూపేవాళ్లు. బాబాయి ఆఖరి గుక్క తాగి, ఎవరినో పట్టుకున్నంత దర్జాగా కప్పు కింద పెట్టేవాడు.

ఆ గోధుమరంగు పరీక్ష సంగతి కొంచెం చెప్పాలి. ఫార్మలిన్‌లో ఊరిన ముక్క బిగుసుకుపోతుంది. బాబాయి చెప్పే ఆ చెయ్యి బిగుసుకున్న ముక్కలో ఎక్కడో ముడుచుకుని ఉంటుంది. రంగు దానికి అంటదు. అందుకని స్లైడ్లను ఒక ద్రావణంలో పెట్టి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించాలి. వంటింట్లో ఉండే కుక్కరే. ఆవిరి బలానికి ముడత విప్పుకుంటేనే రంగు పడుతుంది. ఉడికింది సరిపోయిందో లేదో తెలియడానికి, ప్రతిసారీ రోగి స్లైడుతో పాటు టాన్సిల్ ముక్క ఉన్న స్లైడు ఒకటి పెడతారు. టాన్సిల్‌లో ఆ రంగు పట్టే కణాలు తప్పకుండా ఉంటాయి. అవి ముదురు గోధుమరంగుకు వస్తే, రోగి స్లైడు చెప్పేదాన్ని నమ్మవచ్చు.

బాబాయి కుక్కర్‌ను గడియారం పెట్టి చూడడు, చెవి పెట్టి వింటాడు. బుస్సుమనే చప్పుడు మొదలైన దగ్గర్నుంచి మనసులో లెక్కపెట్టుకుని దించుతాడు. తర్వాత ఇవాళ్టి టాన్సిల్ స్లైడును నిన్నటి టాన్సిల్ స్లైడు పక్కన పెట్టి, రెండూ ఒకలాగే ఉన్నాయనుకుంటే చుక్క పెడతాడు. నిన్నటిది పెట్టెలోకి పోతుంది, ఇవాళ్టిది రేపటి కోసం బల్ల మీద ఉంటుంది.

"బాబాయి గారూ, ఆవిరి పక్కల నుంచి వస్తున్నట్టుంది" అని గడియారం ఒకసారి అంది.

"వచ్చిన రోజు నుంచీ ఇది నాతోనే మాట్లాడుతోంది, అమ్మాయ్. మా ఇద్దరి మధ్యకు నువ్వు రాకు."

ఆ అమ్మాయి మళ్లీ వాళ్ల మధ్యకు రాలేదు.

వసంతం దాటుతుండగా వదినకు దగ్గు పట్టుకుంది. వదిన అంటే బాబాయికి వదిన మాత్రమే కాదు. పదకొండేళ్ల వయసులో అమ్మ పోయి అన్న ఇంటికి చేరినప్పుడు, కొత్తగా కాపురానికొచ్చిన ఆవిడ, తన చీరల పెట్టె పక్కకు జరిపి ఆ పిల్లవాడి పుస్తకాలకు చోటిచ్చింది. అతని మొదటి బడి చొక్కా ఆవిడ చేతి కుట్టే. అన్న పోయాక కూడా ఆవిడ బడి వెనక సందులో యూనిఫాంలు కుట్టే దుకాణం నడుపుతూనే ఉంది. దగ్గు వస్తే బట్టల పీచు లోపలికి పోయిందనుకుంది. మూడు నెలలకు గాని పీచు కాదని తేలలేదు.

ఊపిరితిత్తి నుంచి తీసిన ముక్క మెట్లు దిగి బాబాయి గదికే వచ్చింది. నంబరు చూడగానే అది వదినదని ఆయనకు తెలిసింది. ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ రోజు ఆయన తీసిన పొరను చూస్తే ఎవరికైనా కళ్లు చల్లబడాలి. డాక్టరమ్మ దాన్ని చూసి, ఆయన్ని పైకి పిలిచి, ముందు కుర్చీ చూపించింది.

"బాబాయి గారూ, అదే. అవతలి వైపుకు కూడా పాకింది, ఆపరేషన్ కుదరదు. పాత మందులు పూర్తిగా ఇస్తే వదిన గారి కిడ్నీలు తట్టుకోవు. సగం మోతాదుతో పెద్ద ఆశ పెట్టుకోలేం. కొత్త మందుకు మాత్రం కిడ్నీలతో అంత పేచీ ఉండదు. కాకపోతే గోధుమరంగు రావాలి."

బాబాయి ఆ రెండు రోజులూ ఒక విచిత్రమైన కోరిక కోరుకుంటూ గడిపాడు. మా వదిన ఒంట్లో ఉన్నది పచ్చి మోసకారి అయి ఉండాలి, ఒక్కో కణం పదేసి చేతులతో కాపలావాళ్ల భుజాలు తడుముతుండాలి, అని. పొర తీశాడు. కుక్కర్‌లో పెట్టాడు. చప్పుడు విన్నాడు, లెక్కపెట్టాడు. టాన్సిల్ నిన్నటిలాగే వచ్చింది. చుక్క పెట్టాడు. డాక్టరమ్మ చుక్క చూసి, వదిన స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూసింది.

"వంద కణాల్లో ఒక్కదానికి కూడా రంగు లేదు, బాబాయి గారూ."

ఆ కబురు వదినకు చేరవేసిందీ ఆయనే. ఆవిడ నోట్లోని గుండుసూదులు తీసి డబ్బీలో వేసుకుంటూ విన్నది.

"అంటే నాలో ఉన్నదానికి మోసం చెయ్యడం రాదంటావు."

"అంతే వదినా."

"నా పోలికే వచ్చింది పాపం" అని ఆవిడ మళ్లీ మిషను తొక్కింది.

సగం మోతాదు మందు మొదలుపెట్టడానికి పది రోజుల గడువుంది. ఆదివారం మధ్యాహ్నం బాబాయి దుకాణానికి వెళ్లేసరికి అక్కడ రణరంగంగా ఉంది. బడి వాళ్లు నలభై చొక్కాలు తిప్పి పంపారు. కాలర్లు మెడకు కూర్చోవడం లేదట. వదిన దగ్గర కుట్టే ఆవిడ గుమ్మంలో నిలబడి కళ్లొత్తుకుంటోంది.

"అట్ట ఏదీ? నేనిచ్చిన అట్ట ముక్క?" వదిన అరుస్తోంది, మధ్యలో దగ్గుతోంది.

"గోడకే ఉందక్కా."

"గోడకుంటే గోడ కత్తిరిస్తుందా? దేని మీద పెట్టి కత్తిరించావు?"

"ముందు కత్తిరించిన ముక్క మీద పెట్టి తర్వాతిది కత్తిరించానక్కా. చేతికి దగ్గరగా ఉందని. రెండూ సరిగ్గా సరిపోయాయి, నా కళ్లతో చూశాను."

"సరిపోతాయే తల్లీ! పక్కపక్కవి ఎప్పుడూ సరిపోతాయి. ఒక్కోసారికీ నూలుపోగంత పెరుగుతుంది, అది నీకేం కనబడుతుంది? మొదటిదీ ఆఖరిదీ తీసుకురా."

తెచ్చింది. వదిన ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఆఖరి కాలరు మొదటిదాని కన్నా బొటనవేలి వెడల్పు బయటకు పొడుచుకొచ్చింది.

"ముక్కను చూసి ముక్క కత్తిరిస్తే ఇదే గతి. అట్టను చూసి కత్తిరించాలి. ఏరా, నువ్వు చెప్పు దీనికి, ఇంత వయసొచ్చింది..." అని అటు తిరిగితే మరిది లేడు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా సందు చివర మలుపు తిరుగుతున్నాడు.

ఆదివారం డ్యూటీ గడియారానిది. బాబాయి ఆయాసపడుతూ లోపలికి వచ్చి, "అమ్మాయ్, గోధుమరంగు పరీక్ష మొదలుపెట్టినప్పటి టాన్సిల్ స్లైడు ఎక్కడుంది? మొట్టమొదటిది" అన్నాడు. ఆ అమ్మాయి తేదీలు రాసుకునే మనిషి కాబట్టి నిమిషంలో తీసింది. పదకొండు నెలల కిందటిది. దాని పక్కన నిన్నటిది పెట్టి చూశాడు. మైక్రోస్కోపు అక్కర్లేకపోయింది. కిటికీ వెలుగుకు పట్టుకుంటేనే తెలిసిపోయింది. మొదటిది కాలిన బెల్లం రంగు. నిన్నటిది ఆ బెల్లం గిన్నె కడిగిన నీళ్ల రంగు. మధ్యలో ఉన్న స్లైడ్లన్నీ వరసగా పేర్చితే, ఏ రెండింటి మధ్యా తేడా లేదు. ప్రతి దాని అంచునా ఆవగింజంత చుక్క మాత్రం పొందిగ్గా ఉంది.

కుక్కర్ మూత తిరగేశాడు. రబ్బరు ఎండి, ఒక పక్క వేలు దూరేంత వదులైంది. ఆయన ఇన్నాళ్లూ వింటున్న బుస్సుమనే చప్పుడు లోపలి బలానిది కాదు, పక్కనుంచి పారిపోతున్న ఆవిరిది. బలం తగ్గేకొద్దీ చప్పుడు పెరిగింది. ఆయన చప్పుడునే నమ్మాడు.

"నువ్వు చెప్పావు కదూ" అన్నాడు.

గడియారం నేల చూసింది. "ఒక్కసారే చెప్పాను, బాబాయి గారూ. తర్వాత నేను కూడా మీ చుక్క చూసి ఊరుకున్నాను."

సోమవారం డాక్టరమ్మ వచ్చే వేళకు బాబాయి రెండు స్లైడ్లూ పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ వాటిని చూసి, ఒకటి అద్దం కింద పెట్టి, తీసి, రెండోది పెట్టి, మళ్లీ మొదటిదే పెట్టింది.

"ఈ టాన్సిల్ స్లైడు నేనే రోజూ చూడాలి" అంది చివరకు.

"అవునమ్మా."

"చూడలేదు. మీ చుక్క చూశాను."

"అది కాపలావాడి భుజం మీద చెయ్యి అయిపోయిందమ్మా. నేనే వేశాను, నేనే కథలు చెప్పాను."

ఆవిడ తిట్టి ఉంటే ఆయనకు కొంచెం తేలికయ్యేది. తిట్టలేదు. ఇంటర్‌కమ్ ఎత్తి, పదకొండు నెలల్లో రంగు రాలేదని తేల్చిన దిమ్మలన్నీ బయటకు తియ్యమంది. అరవై ఒకటి ఉన్నాయి.

కొత్త రబ్బరు ఆ పూటే వచ్చింది. బాబాయి దిమ్మలు కోశాడు. కుక్కర్ దగ్గర మాత్రం నిలబడలేదు. "నువ్వు పెట్టు, అమ్మాయ్. నీ గడియారంతోనే." మొదటి విడతలో వదినది కూడా ఉంది. టాన్సిల్ కాలిన బెల్లం రంగుకు వచ్చింది. వదిన స్లైడులో కణం తర్వాత కణం, చుట్టూ గోధుమరంగు గీత గీసినట్టు మెరిసింది. డాక్టరమ్మ లెక్కపెట్టి వందకు అరవై అంది. మామూలుగా అలాంటి మాట విని ఎవరూ సంతోషించరు. గడియారం కళ్లు తుడుచుకుంది.

మిగతా అరవైలో ఎనిమిది మారాయి. డాక్టరమ్మ ఎవరికీ అప్పగించకుండా తనే ఫోన్లు చేసింది. బాబాయి పక్కనే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆరుగురు ఫోన్లో దొరికారు. మరో రెండు నంబర్లకు ఇంట్లోవాళ్లు పలికారు. ఒకాయన అంతా ఓపిగ్గా విని, "మా అమ్మ పోయి రెండు నెలలైందండీ" అన్నాడు. ఇంకొకావిడ ఆ మాట కూడా అనలేదు. ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం బాబాయి దుకాణానికి వెళ్లి, బల్లకు అవతల నిలబడి, మొత్తం చెప్పాడు. రబ్బరు, చుక్క, చప్పుడు, పోయిన ఇద్దరు మనుషులు. ఏదీ మింగలేదు. వదిన మిషను ఆపింది.

"మందు వస్తుందా నాకు?"

"వస్తుంది. పని చేస్తుందని గట్టిగా చెప్పలేం. కానీ వస్తుంది."

"నన్ను నువ్వు చంపబోయి, నా కాలర్లు చూసి ఆగావన్నమాట."

"అవును వదినా."

ఆవిడ కాసేపు కత్తెర అటూ ఇటూ తిప్పింది. "నా సంగతి సరే. నేను నీ చెవి మెలిపెట్టగలను. ఆ ఇద్దరి ఇళ్లకు వెళ్లావా?"

"డాక్టరమ్మ ఫోన్..."

"ఫోను సంగతి అడగలేదు."

రెండు రోజుల్లో వెళ్లాడు. ఒక ఇంట్లో కూర్చోమని మంచినీళ్లిచ్చారు. ఇంకో ఇంట్లో తలుపు సగం తీసి, విని, వేసేశారు. ఆయన ఆ మూసిన తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డాడో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు కుక్కర్ పైన గోడకు మొట్టమొదటి టాన్సిల్ స్లైడు ఉంది. వదిన కుట్టి ఇచ్చిన గుడ్డ సంచిలో, వెలుగు తగలకుండా వేలాడుతుంది. ఏ రోజు స్లైడునైనా దాని పక్కనే పెట్టి చూడాలి. ముందు బాబాయి చూస్తాడు, తర్వాత గడియారం, తర్వాత డాక్టరమ్మ మెట్లు దిగొచ్చి చూస్తుంది. బాబాయి చుక్క పెట్టడం మానేశాడు. టీ వేళ ఎవరైనా కథ చెప్పమంటే, ఆ రెండు స్లైడ్లూ తెచ్చి చేతిలో పెట్టి పనికి పోతాడు. కథ మునుపటంత రక్తి కట్టడం లేదని అందరూ అంటున్నారు.

కొత్త మందు మూడు నెలలు పడ్డాక తీసిన ఫొటోలో గడ్డ కొంచెం కుదించుకుంది. ఎంత కాలమన్నది ఎవరూ చెప్పలేదు, వదిన అడగనూ లేదు. నాలుగోసారి మందు ఎక్కించే గదిలో ఆవిడ ఒక చేతికి సూదితో పడుకుని, రెండో చేత్తో మోచెయ్యి గీరుకుంటోంది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు.

"ఏమిట్రా ఇది? ఊపిరితిత్తిలో పని చెయ్యమంటే చర్మం మీద పడ్డారు నీ కాపలావాళ్లు."

"ఇన్నాళ్లూ పడుకుని లేచారు కదా వదినా. ఇప్పుడు కనబడ్డ ప్రతివాణ్నీ ఆపి నిలదీస్తారు. మంచీ చెడ్డా చూడరు. డాక్టరు పూత మందు రాసిస్తారు."

"నువ్వూ అంతేనటగా ఇప్పుడు. డాక్టరమ్మ చూసి వెళ్లిపోతుంటే వెనక్కి పిలిచి మళ్లీ చూపిస్తున్నావట. ఆ అమ్మాయి చెప్పింది."

బాబాయి లేచి మందు స్టాండు దగ్గరికి వెళ్లాడు. మందు సంచి మీద అంటించిన పేరు చదివాడు. వదిన చేతికి కట్టిన పట్టీ మీద పేరు చదివాడు. మళ్లీ సంచి మీద పేరు చదివాడు.

"నేనేరా" అంది వదిన. "అరవై ఆరేళ్లుగా నేనే."

"తెలుసు" అని ఆయన మూడోసారి చదివాడు.